అక్కాచెల్లెళ్ళ గొడవ బాగుంది, బూతే అడ్డొచ్చింది

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఆస్తి పంపకాల దగ్గర కొట్టుకుంటారని అందరూ అంటారు. నేను చూసినంతలో పెళ్లిలోనే ఎక్కువ కొట్టుకుంటారు. ఆస్తి దగ్గరయితే లాయరు ఉంటాడు, పెద్దమనుషులుంటారు, కాగితం ఉంటుంది. పెళ్లిలో ఇవేవీ ఉండవు. పైగా అందరూ పట్టుబట్టలు కట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని, పళ్ళ బిగువున తిట్టుకోవాలి. అందుకే ప్రైమ్ వీడియోలో 'ది పీపుల్ వి హేట్ ఎట్ ది వెడ్డింగ్' అనే పేరు కనబడగానే నొక్కేశాను. పెళ్లిలో మనకి గిట్టనివాళ్ళు అని పేరులోనే చెప్పేసిన సినిమా మరి! 2022 నవంబరులో వచ్చిన ఇంగ్లీషు కామెడీ, గంటా నలభై నిమిషాలుంటుంది. పచ్చి బూతు కామెడీ అని ముందే చెబుతున్నాను. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే సినిమా కాదు, అత్తగారిని అసలే కాదు.

నాది రాయగడలో పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు. షూటింగుకి కుర్రాళ్ళు వెళతారు, నేను కార్డులు కంప్యూటర్లో దింపుకుని కోతలూ అతుకులూ చూసుకుంటాను. తెలుగు పెళ్లిళ్ళు, ఒడియా పెళ్లిళ్ళు, అబ్బాయి తెలుగు అమ్మాయి ఒడియా అయిన పెళ్లిళ్ళు, అన్నీ వస్తాయి. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మా వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. మధ్యలో గీత పడింది గానీ చుట్టరికాలు ఆగలేదు. ఇప్పటికీ పార్వతీపురం నుంచి పెళ్లివారు పొద్దున్న రైలెక్కి వచ్చి, రాత్రి ముహూర్తం చూసుకుని, మర్నాడు మజ్జిగౌరమ్మని దర్శించుకుని వెళ్ళిపోతారు. వీళ్ళందరి నవ్వులూ ఏడుపులూ నా హార్డ్ డిస్కుల్లోకి చేరతాయి. ఆల్బమ్‌లోకి వెళ్ళని ముక్కలు కూడా.

కథలోకి వద్దాం. డోనా అనే అమెరికా ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఆన్రీక్ అనే డబ్బున్న ఫ్రెంచివాణ్ణి పెళ్లి చేసుకుంది. ఎలోయిజ్ అనే కూతురు పుట్టింది. మొగుడు వేరే ఆడవాళ్ళ వెంట పడడంతో విడాకులిచ్చి అమెరికా వచ్చేసి, ఇండియానాలో బిల్ అనే మామూలు మనిషిని చేసుకుంది. వాళ్ళకి ఆలిస్, పాల్ పుట్టారు. అంటే ముగ్గురూ ఒక్క తల్లి బిడ్డలే, తండ్రులు వేరు. పెద్దమ్మాయికి డబ్బున్న తండ్రి, లండన్, దర్జా. కింది ఇద్దరికీ ఇండియానా. చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాళ్ళే పెద్దయ్యేకొద్దీ దూరమయ్యారు. ఇప్పుడు అక్కకి ఇంగ్లండులో పెళ్లి. తమ్ముడికీ చెల్లికీ వెళ్లాలని లేదు, తల్లి బలవంతం మీద బయలుదేరతారు. ఆలిస్ లాస్ ఏంజిలిస్‌లో పెళ్లయిన తన బాస్‌తో సంబంధం పెట్టుకుని, అతను ఇవాళ కాకపోతే రేపు పెళ్లాన్ని వదిలి వస్తాడని కూర్చున్న మనిషి. పాల్ తండ్రి పోయినప్పట్నుంచి తల్లితో మాటలు మానేశాడు. ఆయన వస్తువులన్నీ ఆవిడ ఇట్టే ఊడ్చి పారేసిందని కోపం. ఎందుకు పారేసిందో నేను చెప్పను, సినిమాలో పనికొచ్చే ముడి అదొక్కటే.

ఇంత సరుకుంటే ఎంత మంచి సినిమా తీయొచ్చో చూడండి. ఒకే కడుపున పుట్టి ఒకరు ఏసీ గదిలో, ఇద్దరు ఫ్యాను కింద పెరగడం మనకి తెలియని సంగతా? అన్న విశాఖపట్నంలో ఇల్లు కట్టాడు, తమ్ముడు ఇక్కడ నాన్న కిరాణా కొట్టులోనే ఉండిపోయాడు. అన్న కూతురి పెళ్లికి తమ్ముడు వస్తాడు, పని చేస్తాడు, వడ్డిస్తాడు, ఫొటోకి మాత్రం రాడు. "చిన్నాన్నని పిలవండి" అని స్టేజి మీంచి రెండు మూడుసార్లు అరిస్తే వచ్చి ఆ చివర నిలబడతాడు. ఆ చివర ఎవరు నిలబడ్డారో చూస్తే నాకు ఆ ఇంటి చరిత్ర సగం తెలిసిపోతుంది. ఈ సినిమాలో ఆలిస్ మొహం అచ్చం అలాగే ఉంటుంది. వచ్చింది, నవ్వింది, కానీ ఫ్రేములోకి ఎవరో తోసినట్టు ఉంది.

ఆలిస్‌గా వేసింది క్రిస్టెన్ బెల్. పిల్లలున్న ఇళ్ళలో ఈవిడ గొంతు తెలియకుండా ఉండదు, 'ఫ్రోజెన్'లో చెల్లెలు ఆనా గొంతు ఈవిడదే. అక్కడ అక్క కోసం ప్రాణం పెట్టిన గొంతే ఇక్కడ అక్కని నోటికొచ్చినట్టు ఆడిపోసుకుంటుంది. తల్లి డోనాగా ఆలిసన్ జానీ. 'ఐ, టోన్యా'లో వేసిన తల్లి పాత్రకి 2018లో ఆస్కార్ తీసుకున్న నటి. అక్కడ రాక్షసి లాంటి తల్లి, ఇక్కడ పిల్లలు ముగ్గురూ ఒక్క చోట కూర్చుని అన్నం తింటే చాలు అనుకునే తల్లి. ఎలోయిజ్‌గా సింథియా అడ్డాయ్-రాబిన్సన్. అదే ఏడాది అదే ప్రైమ్‌లో వచ్చిన 'ది రింగ్స్ ఆఫ్ పవర్'లో రాణి మీరియెల్ ఈవిడే. పాల్‌గా బెన్ ప్లాట్. అతని జతగాడు డొమినిక్‌గా మన ఢిల్లీలో పుట్టిన కరణ్ సోనీ, 'డెడ్‌పూల్' సినిమాల్లో టాక్సీ నడిపే దోపిందర్ అంటే మా కుర్రాళ్ళందరికీ తెలుసు. జాబితా చూస్తే నోరూరుతుంది. ఇంతమందిని పెట్టుకుని కూడా వంట సగంలో దింపేశారనే నా గోల.

డైరెక్టర్ క్లెయిర్ స్కాన్లన్ గురించి నాలాంటివాడు రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేడు. ఆవిడ ఎడిటింగ్ బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చిన డైరెక్టర్. 'ది ఆఫీస్' అమెరికా సిరీస్ ఆఖరి ఎపిసోడ్ ఎడిటింగుకి 2013లో ఎమీ అవార్డు అందుకున్న ఇద్దరిలో ఆవిడ ఒకరు. ఆ సిరీస్ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, నవ్వు మాట్లాడేవాడి దగ్గర ఉండదు, విని తల తిప్పుకునేవాడి మొహంలో ఉంటుంది. ఈ సినిమాలో కూడా అలాంటి కోతలు ఉన్నాయి. తల్లి ఏదో అమాయకంగా అంటుంది, వెంటనే ఆలిస్, పాల్ ఒకరి వైపు ఒకరు చూసుకుంటారు. ఒక్క చూపు, అంతే. ఇద్దరూ కలిసి పెరిగారని ఆ చూపు చెప్పేస్తుంది, డైలాగు అక్కర్లేదు. కథ మూలం గ్రాంట్ గిండర్ అనే ఆయన 2017లో రాసిన నవల. దాన్ని సినిమాకి మలిచినవాళ్ళు లిజీ మోలినో-లోగెలిన్, వెండీ మోలినో. వీళ్ళిద్దరూ సొంత అక్కచెల్లెళ్ళు, 'బాబ్స్ బర్గర్స్' కార్టూన్ సిరీస్‌కి రాసినవాళ్ళు. అక్కచెల్లెళ్ళు కూర్చుని అక్కచెల్లెళ్ళ గొడవ రాశారు కాబట్టి ఆ మాటల్లో పదును ఉంది. ఎక్కడ గుచ్చితే నొప్పి పుడుతుందో తోబుట్టువులకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇక బూతు సంగతి. పెళ్లిలో బూతేమిటి అని మొహం చిట్లించే హక్కు మనకి లేదు. మన పెళ్లిళ్ళలో ఉన్నంత బూతు ఇంకెక్కడుంది? వియ్యాలవారి పాటలు ఏమైపోయాయి? మగపెళ్లివారు బంతిలో కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే లోపు ఆడపెళ్లివారి ముసలమ్మలు మొదలెట్టేవారు. వియ్యపురాలి తిండి, వియ్యపురాలి నడక, వియ్యపురాలు ఎవరితో లేచిపోయింది, ఎవరు తిరిగి తీసుకొచ్చారు, అన్నీ రాగం తీసి పాడేవారు. వియ్యపురాలు తలొంచుకుని నవ్వుకుంటూ తినాలి తప్ప లేవకూడదు. లేస్తే ఓడిపోయినట్టు.

గుణుపురం దగ్గర ఒక పెళ్లిలో మా కుర్రాడు తీసిన ముక్క ఒకటి ఇంకా నా దగ్గర దాచుకున్నాను. డీజే బాక్సులో ఏదో లోపం వచ్చి పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక ముసలమ్మ, ఎనభై దాటి ఉంటుంది, ముందున్న పళ్ళు లేవు, అరిటాకు పక్కకి జరిపి, ఎడం చేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ అందుకుంది. కుడిచెయ్యి ఎంగిలిచెయ్యి, అందుకని గాల్లోనే పెట్టి ఊపుతోంది. మొదటి చరణానికి మగపెళ్లివారి పెద్దాయన పొలమారి దగ్గాడు. రెండో చరణానికి వియ్యపురాలు కొంగు నోట్లో కుక్కుకుంది. మూడో చరణం నేను ఇక్కడ రాయలేను. కెమెరా వణుకుతోంది, మావాడు నవ్వు ఆపుకోలేక. ఆ ముక్క ఫైనల్ వీడియోలో పెడితే పెళ్లికొడుకు తరఫువాళ్ళు ఫోన్ చేసి ఇంకో కాపీ అడిగారు.

అయితే ఆ బూతుకి కట్టుబాటు ఉంది. ఎవరు ఎవర్ని అనొచ్చో తేలిపోయి ఉంటుంది. వియ్యపురాలు వియ్యపురాలిని అనొచ్చు. బావ మరదల్ని ఏడిపించొచ్చు, వదిన మరిదిని ఆట పట్టించొచ్చు. కాశీయాత్రకి గొడుగు పట్టుకుని బయలుదేరిన పెళ్లికొడుకుని బతిమాలి వెనక్కి తీసుకొచ్చేవాడు పెళ్లికూతురి తమ్ముడు. ఒడియా పెళ్లిళ్ళలో అయితే ఇంకా నేరుగా, 'శళా బిధా' అని, పెళ్లికూతురి అన్నో తమ్ముడో వచ్చి పెళ్లికొడుకు వీపు మీద ఒక గుద్దు గుద్దుతాడు. ఊరికే తాకించేవాళ్ళు కొందరు, లోపలున్న కోపమంతా తీర్చుకునేవాళ్ళు కొందరు. మా దగ్గర ఆ షాట్‌కి స్లో మోషన్ తప్పనిసరి. అంటే సరసమంతా పెళ్లితో కలిసిన చుట్టాల మధ్య. అన్నా చెల్లెళ్ళ మధ్య, అక్కా తమ్ముళ్ళ మధ్య అది ఉండదు. అక్క పక్కన ఉంటే తమ్ముడు బావని కూడా ఒక మెట్టు తగ్గించి ఏడిపిస్తాడు.

ఈ సినిమా సరిగ్గా ఆ గీతే దాటుతుంది. ఆలిస్, పాల్ ఒకరి పడకగది సంగతులు ఒకరు మాట్లాడుకుంటారు, తల్లి ముందే మాట్లాడతారు, తల్లి కూడా తక్కువేం తినలేదు. వాళ్ళ దేశం, వాళ్ళ అలవాటు, నాకేం అభ్యంతరం లేదు. మొదటి పావుగంట నాకు ఇబ్బందయింది, తర్వాత అలవాటైపోయింది. నా కంప్లయింట్ వేరు. బూతు ఎక్కువైందని కాదు, దాన్ని ఎక్కడ వాడారన్నది. గొడవ మరిగి పొంగబోయే సమయానికి ప్రతిసారీ ఒక బూతు జోకు తెచ్చి దాని మీద మూత పెట్టేశారు.

ఆలిస్‌కి అక్క మీద ఉన్న కోపం నిజంగా ఏమిటి? డబ్బా? అక్క తమని మర్చిపోయిందనా? అమ్మ మనసులో మొదటి మొగుడి కూతురికి ఎక్కువ చోటుందనా? ఒక్కొక్కసారి ఆ ప్రశ్న నాలిక చివరిదాకా వస్తుంది. ఎలోయిజ్ మొహంలో కూడా తెలుస్తుంది, ఆమె మనస్ఫూర్తిగానే పిలిచింది, వాళ్ళు రావాలని ఆమెకి ఉంది, కానీ తను ఏం చేసినా గొప్పలు పోతున్నట్టే కనిపిస్తుందని ఆమెకి అర్థమవుతోంది. డబ్బున్న తోబుట్టువు కష్టం అది. ఖరీదైన చీర పెడితే గొప్ప చూపించుకుంది అంటారు, మామూలు చీర పెడితే ఉండి కూడా పెట్టలేదంటారు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు, నేను ముందుకి జరిగి కూర్చుంటాను, ఇప్పుడు అనుకుంటారు మాట మాట అని. ఠక్కున ఎవరో తాగి తూలుతారు, లేదా ఒళ్ళు గురించి ఒక జోకు పడుతుంది. సీను అయిపోతుంది.

మా పనిలో దీన్ని నేను బాగా ఎరుగుదును, ఎందుకంటే నేను డబ్బు తీసుకుని చేసేది అదే. ఒక పెళ్లిలో పురోహితుడి చొక్కాకి కాలర్ మైకు పెట్టారు, మంత్రాలు స్పష్టంగా రావాలని. ఆయన వెనకాలే పెళ్లికూతురి తండ్రి, ఆయన చెల్లెలు నిలబడ్డారు. మైకు ఉందని ఎవరికి గుర్తుంటుంది? "అమ్మకి ఆపరేషనైనప్పుడు ఒక్క రోజైనా వచ్చి ఉన్నావేటే?" అని ఆయన. "నాకు చెప్పారేటి? చుట్టాల నోట విని తెలుసుకున్నాను" అని ఆవిడ. "చెప్తే మాత్రం వచ్చీదానివా" అని ఆయన. మధ్యలో 'మాంగల్యం తంతునానేన' నడుస్తోంది. ఆవిడ గొంతు బొంగురుపోయింది, అయినా అదే గొంతుతో "అక్షింతలు ఇటివ్వు" అంది. ఇద్దరూ కలిసే వేశారు. దృశ్యంలో చూస్తే అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన నిలబడి అక్షింతలు వేస్తున్నారు, ఎంత ముచ్చటగా ఉందో! నేను ఆ శబ్దం తీసేసి గట్టిమేళం అతికించాను. అదే నా జీతం రాళ్ళు.

నేను అతికిస్తే అర్థం ఉంది, ఆ వీడియోని వాళ్ళ మనవలు చూడాలి. సినిమావాళ్ళకి ఏం వచ్చింది? డబ్బు పెట్టి తీసిందే ఆ శబ్దం వినిపించడానికి కదా. మీరు కూడా గట్టిమేళమే అతికిస్తే ఇక మేం ఎక్కడ వినాలి?

బూతుని సరిగ్గా వాడిన చోటు లేకపోలేదు. పాల్, డొమినిక్‌లు లండన్‌లో ఆల్కాట్ అనే పెద్దమనిషి ఇంట్లో దిగుతారు. డొమినిక్‌కి ఆ మనిషంటే మోజు, ముగ్గురం కలుద్దాం అనే దాకా వస్తుంది వ్యవహారం. పాల్‌కి ఇష్టం లేదు. కానీ ఇష్టం లేదని చెబితే తను పాతకాలం మనిషిలా కనిపిస్తాడేమో, డొమినిక్ వదిలేస్తాడేమో అని భయం. ఆ భయాన్ని బెన్ ప్లాట్ మొహం మీద పెట్టి, నవ్వుతున్నట్టు నటిస్తూ ఒప్పుకుంటాడు చూడండి, అది పచ్చి సీనే, కానీ నవ్వుతూనే పాపం అనిపిస్తుంది. ఆ బూతు వల్ల మనిషి తెలిశాడు. కరణ్ సోనీ కూడా దోపిందర్ పాత్రలోంచి పూర్తిగా బయటపడ్డాడు. తీయగా మాట్లాడుతూ ఎదుటివాణ్ణి తన దారికి తిప్పుకునే రకాన్ని బాగా పట్టుకున్నాడు. మరో మెచ్చుకోలు, ఇద్దరు మగవాళ్ళ జంటని చూసి నవ్వమని సినిమా ఎక్కడా అడగదు. మన కామెడీల్లో ఇలాంటి పాత్ర కనబడితే చెయ్యి తిప్పడం, గొంతు సాగదీయడం తప్ప ఇంకేం ఉండదు. ఇక్కడ వాళ్ళ తగువు మొగుడూ పెళ్లాల తగువులాగే ఉంది.

డోనా, ఆన్రీక్‌ల కథ ఇంకా బాగుండాల్సింది. ఆన్రీక్‌గా వేసిన ఇసాక్ డి బాంకోలే తెర మీదికి వస్తే చాలు, డోనా ఎందుకు పడిపోయిందో అర్థమైపోతుంది. ఏళ్ళ తర్వాత కూతురి పెళ్లిలో మాజీ మొగుడు ఎదురుపడ్డాడు. మోసం చేసినవాడే, అయినా సూటులో నిలబడి ఆ గొంతుతో పలకరిస్తే ఆవిడ జుట్టు సర్దుకుంటుంది. జానీ ఆ జుట్టు సర్దుకోవడం ఎంత బాగా చేసిందంటే, తల్లిగా కాకుండా ఒక ఆడమనిషిగా ఆవిడకి ఒక ఆశ మిగిలే ఉందని తెలుస్తుంది. పిల్లలకి ఆ ఆశ అసహ్యం. మనకీ అంతే కదా, అమ్మకి ఇష్టాలుంటాయంటే మనం ఒప్పుకోం. ఈ ముక్క మీద సినిమా ఇంకో పది నిమిషాలు నిలబడి ఉంటే నేను మిగతా తప్పులు మాఫీ చేసేవాణ్ణి.

బదులుగా ఆ పది నిమిషాలు విమానంలో ఆలిస్‌కి తగిలిన డెనిస్ అనే అబ్బాయికి ఇచ్చారు. డస్టిన్ మిలిగన్ మంచి నటుడే, పాత్ర మాత్రం అచ్చం మన సీరియళ్ళలో హీరోయిన్ కోసం చివరిదాకా ఎదురుచూసే మంచబ్బాయి. ఎప్పుడు చూసినా ఓపిగ్గా నవ్వుతూ నిలబడి ఉంటాడు. అతనికి ఇంకో పని లేదా? పెళ్లయిన బాస్ దుర్మార్గుడనీ ఈ అబ్బాయి బంగారమనీ మొదటి పదినిమిషాల్లో తెలిసిపోయాక మిగతాది మనం కాలక్షేపం చేయడమే. లండన్ కూడా పోస్టుకార్డు లండనే. ఇంగ్లీషు పల్లెటూళ్ళు పచ్చగా ఉన్నాయి, ఇళ్ళు పెద్దగా ఉన్నాయి, అంతే. పెళ్లి పనులు ఎవరు చేస్తున్నారో కనబడదు. వంటవాళ్ళు లేరు, గిన్నెల చప్పుడు లేదు, పందిరివాడితో బేరం లేదు. పెళ్లింట్లో సగం గొడవలు పనుల దగ్గరే పుడతాయి. పెరుగు తక్కువైంది, కారు స్టేషనుకి పంపలేదు, మా వాళ్ళకి గదిలో దుప్పట్లు చాల్లేదు, ఇలా. వీళ్ళకి అలాంటి చిన్న గొడవలు లేకపోవడంతో పెద్ద గొడవ గాల్లోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

క్లైమాక్స్ వైపు వచ్చేసరికి అందరూ అన్నీ చెప్పేసుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క దాచిన మాట బయటపెట్టడం, వెంటనే కళ్ళు తుడుచుకోవడం. అంతసేపు బూతుతో తప్పించుకుని చివర్లో ఏడుపుతో బాకీ తీరుస్తామంటే ఎలా? తల్లీ కొడుకుల మధ్య ముడి విప్పిన తీరు మాత్రం నన్ను పట్టుకుంది. అది తప్ప మిగతా రాజీలన్నీ ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెట్టినట్టే ఉన్నాయి.

నేను ఇంగ్లీషులోనే, కింద అక్షరాలు పెట్టుకుని చూశాను. ఆ అక్షరాలు పెట్టుకోండి, లేకపోతే క్రిస్టెన్ బెల్ మాట వేగానికి సగం తిట్లు నష్టపోతారు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. మా ఇల్లు షాపు వెనకే, మధ్యలో ఒక్క కర్టెను. మా ఆవిడ ఒకసారి టీ తెచ్చి తెర వైపు చూసి "ఇది మిక్సింగ్‌కి వచ్చిందా?" అని అడిగింది. కాదు సినిమా అన్నాక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆలిస్‌ని చూసి తిట్టుకుంది, డోనాని చూసి మాత్రం మాట్లాడలేదు. ఆన్రీక్ వచ్చినప్పుడల్లా "వీణ్ణి మళ్ళీ నమ్మకమ్మా" అని తెరతో చెప్పింది. సినిమా ఎలా ఉందంటే, తల్లి కోసం చూడొచ్చు అంది. నా తీర్పూ దానికి దగ్గరే, అయిదుకి రెండున్నర. ఆ రెండున్నరలో ఒకటిన్నర జానీకి, మిగతాది అక్కాచెల్లెళ్ళ ఆ సగం సగం చూపులకి. డబ్బులిచ్చి టికెట్ కొనే సినిమా కాదు, ప్రైమ్ ఎలాగూ ఉంటే ఒక రాత్రి చూసేయొచ్చు. ఒడలు జలదరించే బూతు కోసం చూసేవాళ్ళకి ఇది చప్పగా ఉంటుంది, ఇంటిల్లిపాదీ సినిమా కోసం చూసేవాళ్ళకి ఘాటుగా ఉంటుంది. ఇటూ కాదు అటూ కాదు.

చూశాక లింకు మా బావకి పంపాను, అక్కకి కాదు. 'ఒంటరిగా చూడు, నేను పంపానని చెప్పకు' అని కింద రాశాను. రెండు నీలం గీతలు పడ్డాయి, కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "మీ అక్క పక్కనే ఉందిరా బామ్మర్దీ, ఎవరు పంపారో చదివి కూడా వినిపించాను. ఫోన్ ఇస్తున్నాను, మాట్లాడు."